భుజం మీద కొట్టిన అంకె

అధిక పీడన సిలిండర్‌లో ఎంతవరకు గ్యాస్ నింపవచ్చో చెప్పే అంకె దాని భుజం మీదే ఉంటుంది. మెడ కింద గుండ్రంగా వంగే ఆ భాగంలో ఉక్కు మందం ఎక్కువ, అందువల్ల అక్కడ అచ్చు కొట్టినా సిలిండర్‌కు హాని లేదు. హైదరాబాద్‌లోని బాలానగర్ షెడ్లలో గోడకు గొలుసుతో కట్టి నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్‌ను దగ్గరికి వెళ్లి చూస్తే రంగు పొరల అడుగున ఆ అచ్చులన్నీ కనిపిస్తాయి. తయారీదారు గుర్తు, వరుస సంఖ్య, ఏ ప్రమాణం ప్రకారం చేశారన్న ముద్ర, ఖాళీ బరువు, లోపల ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయన్న లెక్క, పని పీడనం, పరీక్ష పీడనం, పరీక్ష జరిగిన నెల, సంవత్సరం. సిలిండర్ ఏళ్ల తరబడి చేతులు మారుతూ తిరిగేది కాబట్టి దాని వివరాలు కాగితం మీద ఉంటే చాలదు, ఒంటి మీదే ఉండాలి.

1960లలో హెచ్.ఏ.ఎల్., ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వ సంస్థలు, 1968లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, 1970లో ఎం.టి.ఏ.ఆర్. వచ్చిన తరువాత వాటి చుట్టూ లేత్, మిల్లింగ్, ఫ్యాబ్రికేషన్ షెడ్లు అల్లుకున్న ప్రాంతం బాలానగర్. ఉక్కు పలకను కోయాలన్నా అతకాలన్నా గ్యాస్ కావాలి. ఆ పనికి వాడే పెద్ద సిలిండర్‌ను డీ-టైప్ అంటారు. 2021లో కొవిడ్ రెండో ఉద్ధృతి రోజుల్లో ఈ పేరు షెడ్లు దాటి ఇళ్లలోకీ వచ్చింది. దానిలో పట్టే నీళ్లు 46.7 లీటర్లు. 150 బార్ పీడనంతో నింపితే మామూలు గాలి పీడనం దగ్గర 7,000 లీటర్లు, అంటే 7 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం. వంటగ్యాస్ సిలిండర్‌కు ఈ లెక్క పనికిరాదు. అందులో ఉండేది ద్రవం, దాన్ని 14.2 కిలోలని తూకం వేసి నింపుతారు. దాని పీడనం ఎంత నింపారన్నదాన్ని బట్టి కాక ఎంత వేడెక్కిందన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ అధ్యాయం ఆక్సిజన్, నత్రజని, గాలి వంటి ద్రవం కాని వాయువుల గురించి.

150 బార్ అని కొట్టిన సిలిండర్‌లో 200 బార్ నింపితే ఏమవుతుంది? ఆ రోజు, ఆ నిమిషాన, చాలాసార్లు ఏమీ కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. నింపేవాడికి గేజి ముల్లు తప్ప వేరే హెచ్చరిక కనిపించదు. సిలిండర్ మూలగదు, ఉబ్బదు, కారదు. ఉబ్బినా ఆ ఉబ్బు కంటికి ఆనదు. అప్పుడు భుజం మీది అంకె అతి జాగ్రత్త కొద్దీ ఎవరో తక్కువ చేసి కొట్టారేమోనన్న అనుమానం పుడుతుంది. ప్రపంచంలో ఈ అనుమానాన్ని బహిరంగంగా, ఏళ్ల తరబడి ఆచరణలో పెట్టినవాళ్లు ఒకరున్నారు. వాళ్లు అమెరికాలోని ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో ఈదే డైవర్లు. వాళ్ల కథలోకి వెళ్లే ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

గోడ మీద పడే బరువు

లోపలి గ్యాస్ సిలిండర్ గోడను అన్ని వైపులా నెడుతుంది. గోడ ఉక్కులో పుట్టే లాగుడును లెక్కగట్టడం తేలిక. పీడనాన్ని వ్యాసంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగిస్తే సరిపోతుంది. సగటు వ్యాసం 230 మిల్లీమీటర్లు, గోడ మందం 6 మిల్లీమీటర్లు ఉన్న సిలిండర్‌ను ఉదాహరణకు తీసుకుంటే, 150 బార్ దగ్గర ఉక్కులో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద 290 న్యూటన్ల లోపు లాగుడు ఉంటుంది. 200 బార్ దగ్గర అది 380 దాటుతుంది, 225 దగ్గర 430. సిలిండర్ చుట్టుకొలత వెంట పడే ఈ లాగుడు నిలువునా పడేదానికి రెట్టింపు. బద్దలైన సిలిండర్లు అడ్డంగా తెగకుండా నిలువునా చీలి తెరుచుకోవడానికి కారణం అదే.

ఇలాంటి సిలిండర్లను అతుకు లేకుండా చేస్తారు. వేడి దిమ్మెను పొడిచి సాగదీయడమో, అతుకులేని గొట్టం కొసలను వేడిచేసి మూయడమో పద్ధతి. భారతదేశంలో వీటికి ఐ.ఎస్. 7285 ప్రమాణం వర్తిస్తుంది. ఉక్కు డైవింగ్ సిలిండర్లకు ఎక్కువగా వాడేది క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. వేడిచేసి చల్లబరిచే పద్ధతిని బట్టి దాని బలం మారుతుంది. లోపం లేని కొత్త సిలిండర్‌ను పగిలేదాకా ఒత్తిడి పెడితే అది పరీక్ష పీడనాన్ని చాలా దాటాకే పగులుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అనుమానానికి బలం అక్కడి నుంచే.

పరీక్ష పీడనం, పని పీడనం మధ్య సంబంధాన్ని మన దేశంలో చట్టమే కట్టింది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద గ్యాస్ సిలిండర్ల నియమాలు 1940లో మొదలై 1981, 2004, 2016లో కొత్త రూపాలు దాల్చాయి. వాటిని అమలు చేసేది నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ. ద్రవం కాని వాయువుల విషయంలో నియమం ఒక్క ముక్కలో చెప్పవచ్చు: పని పీడనం పరీక్ష పీడనంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. 150 బార్ సిలిండర్‌ను కనీసం 225 దగ్గర, 200 బార్ సిలిండర్‌ను కనీసం 300 దగ్గర పరీక్షించి ఉండాలి. పని పీడనం అన్న మాటకు ఉష్ణోగ్రత కూడా ముడిపడి ఉంది. అది 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలిండర్ లోపల ఉండే పీడనం. హైదరాబాద్‌లో 15 డిగ్రీలంటే పుష్యమాసపు తెల్లవారుజాము. ఏడాదిలో మిగతా రోజులన్నీ అంతకంటే వేడివే. ఈ చిన్న వివరం తరువాత పెద్దదవుతుంది.

నీళ్లతో పరీక్ష

సాధారణ వాయువుల సిలిండర్లను అయిదేళ్లకోసారి పరీక్షకు పంపాలి. వాల్వు విప్పి, లోపల దీపం దించి తుప్పు, గుంటలు, పగుళ్లు చూస్తారు. తూకం వేస్తారు. ఖాళీ బరువు తగ్గితే ఆ తగ్గిన ఉక్కు తుప్పయి రాలిపోయిందని అర్థం. తరువాత సిలిండర్ నిండా నీళ్లు పోసి, నీళ్లతో నిండిన మరో పెద్ద పాత్రలో ముంచి మూత బిగిస్తారు. లోపలి నీటిని పంపుతో పరీక్ష పీడనానికి తెచ్చినప్పుడు సిలిండర్ కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు బయటి పాత్రలోని నీటిని నెడుతుంది, ఆ నీరు గీతలున్న గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. కంటికి ఆనని ఉబ్బు అక్కడ మిల్లీలీటర్లలో కనిపిస్తుంది.

పీడనం వదలగానే నీటిమట్టం దిగాలి. పూర్తిగా దిగితే ఉక్కు తన పాత ఆకారానికి వచ్చినట్టు. కొంత పైనే నిలిచిపోతే ఆ మేరకు సిలిండర్ శాశ్వతంగా సాగిపోయినట్టు. శాశ్వత సాగుడు మొత్తం సాగుడులో పదో వంతు దాటితే సిలిండర్ పనికిరాదు. పరీక్షకు నీళ్లు వాడటానికి కారణం నీరు దాదాపు కుదించుకోకపోవడం. పరీక్షలో సిలిండర్ పగిలినా నీటిలో దాగిన శక్తి తక్కువ కాబట్టి చీలి ఊరుకుంటుంది. అదే పీడనంలో గ్యాస్ ఉండి ఉంటే కథ వేరు. 150 బార్ దగ్గర నిండిన డీ-టైప్ సిలిండర్ ఒక్కసారిగా తెరుచుకుంటే వెలువడే శక్తి దాదాపు 13 లక్షల జౌళ్లు, అంటే 300 గ్రాముల టి.ఎన్.టి.కి సమానం.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. పరీక్ష పీడనానికి సిలిండర్ తట్టుకుంది కాబట్టి అంతవరకు నింపవచ్చని కొందరు అనుకుంటారు. అయిదేళ్లకోసారి, నీటితో, కొద్దిసేపు, గది వేడిమిలో పెట్టిన ఒత్తిడికీ, రోజూ గ్యాస్‌తో నింపి ఎండలో లారీ మీద తిప్పే ఒత్తిడికీ పోలిక లేదు. పరీక్ష చెప్పేది గోడ ఇప్పటివరకు పలచబడలేదని మాత్రమే.

ఎక్కువ గ్యాస్ ఎవరికి కావాలి

కటింగ్ షెడ్డులో గ్యాస్ అయిపోతే పని ఆగుతుంది, ఇంకో సిలిండర్ తగిలించుకుంటారు. నీటి కింద ఉన్నవాడికి ఆ వీలు లేదు. పైగా లోతుకు వెళ్లేకొద్దీ అదే సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది. ప్రతి 10 మీటర్ల నీటికి ఒక బార్ చొప్పున పీడనం పెరుగుతుంది, ఊపిరితిత్తులు నిండాలంటే లోపలికి వచ్చే గాలి కూడా అంతే పీడనంలో ఉండాలి.

2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ పర్యాటక బోటును ఈ లెక్కకు ఆధారంగా తీసుకోవచ్చు. బోటు 200 అడుగులకు పైగా లోతులో, బురదలో, ఉరవడి ప్రవాహం కింద పడి ఉందని అప్పట్లో లెక్కగట్టారు. నెల దాటాక, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో దాన్ని ఒడ్డుకు లాగింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటిలోకి దిగి తాళ్లు తగిలించారు. 60 మీటర్ల లోతులో పీడనం దాదాపు 7 బార్. ఒడ్డున నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి అక్కడ 140 లీటర్లు కావాలి. బరువు పనిచేస్తుంటే ఇంకా ఎక్కువ. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ దాకా నింపితే వచ్చే 2,400 లీటర్లు ఆ లోతులో 17 నిమిషాలకు సరి. దిగడం, ఎక్కడం, ఎక్కేటప్పుడు రక్తంలో కరిగిన నత్రజని బయటికి పోయేదాకా మధ్యమధ్య ఆగడం, ఆపదకు మిగిల్చుకోవడం, అన్నీ అందులోనే ఇమడాలి. మామూలు స్కూబా సిలిండర్‌తో ఆ లోతులో పని సాగదు.

సరదా డైవింగ్ హద్దులు దాటి లోతుకో, గుహల్లోకో, నేరుగా పైకి రావడానికి వీలులేని చోటికో వెళ్లడాన్ని టెక్నికల్ డైవింగ్ అంటారు. ఉత్తర ఫ్లోరిడా సున్నపురాయి నేలలో ఊటనీటి గుహలు కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. నీరు ఏడాది పొడవునా 20 డిగ్రీలకు కాస్త పైన నిలకడగా ఉంటుంది. అక్కడి డైవర్లు గాలిని మూడు వంతులుగా పంచుకుంటారు. ఒక వంతు లోపలికి వెళ్లడానికి, ఒకటి వెనక్కి రావడానికి, మూడోది ఆపదకు. అంటే సిలిండర్‌లో ఉన్నదానిలో లోపలికి ఈదడానికి పనికొచ్చేది మూడో వంతే. కొంచెం ఎక్కువ గాలి దొరికితే బాగుండునన్న ఆశ అక్కడ పుట్టింది.

ఆ ఆశకు చేతికి దొరికిన పనిముట్టు లో-ప్రెషర్ ఉక్కు సిలిండర్. లో-ప్రెషర్ అన్నది డైవర్ల వాడుక మాట మాత్రమే. దాని పని పీడనం 2,400 పి.ఎస్.ఐ., అంటే 165 బార్, మన డీ-టైప్ కంటే ఎక్కువే. పరీక్ష పీడనం 4,000 పి.ఎస్.ఐ., అంటే 276 బార్. ఇటలీలోని ఫాబెర్ సంస్థ చేసే ‘95’ సిలిండర్ ఈ రకందే. 15 లీటర్ల నీళ్లు పట్టే ఆ సిలిండర్‌ను 2,640 పి.ఎస్.ఐ. దగ్గర నింపితే 95 ఘనపుటడుగుల గాలి ఉంటుందని ఆ పేరు. ఫ్లోరిడా గుహల దగ్గర దాన్ని 3,600 పి.ఎస్.ఐ., అంటే 248 బార్ దాకా, కొన్నిసార్లు ఇంకా పైకి నింపడం మామూలైపోయింది. దానికి ‘కేవ్ ఫిల్’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

లాభం ఎంత? గేజి చూసి లెక్క వేస్తే 36 శాతం. నిజానికి అంత రాదు. పీడనం 200 బార్ దాటాక గాలి అణువులు ఒకదానికొకటి అడ్డంపడటం మొదలవుతుంది. గాలి ఆదర్శ వాయువు లెక్కను తప్పి, పెంచిన పీడనానికి తగినంత లోపలికి వెళ్లదు. ఆ తేడా కలుపుకుంటే లాభం 31 శాతం దగ్గర ఆగుతుంది. 300 బార్ దగ్గర ఈ లోటు పదో వంతు దాకా పెరుగుతుంది. ఆపైన పీడనం పెంచడం ఉక్కును ఎక్కువ అలయించడమే, ఊపిరికి వచ్చేది తక్కువ.

కూడిక గుర్తు

అమెరికా నియమాల్లో ఒక సడలింపు ఉంది. 3ఏఏ రకం ఉక్కు సిలిండర్ నీటి పరీక్షలో ఎంత సాగి వెనక్కి వచ్చిందో కొలిచి, ఆ సాగుడు నిర్ణీత హద్దులో ఉంటే, పరీక్ష తేదీ పక్కన కూడిక గుర్తు కొడతారు. అప్పుడు దాన్ని పని పీడనానికి పది శాతం మించి నింపవచ్చు. 2,400కు 2,640 అలా వచ్చిందే. ఫ్లోరిడా అలవాటు ఈ పది శాతాన్ని దాటి యాభైకి వెళ్లింది.

దాన్ని సమర్థించే వాదనల్లో ఎక్కువగా వినిపించేది యూరప్ పేరు. అమెరికా చట్టం మరీ బిగువు, యూరప్‌లో ఇదే ఉక్కును 232 బార్ దాకా నింపుతారు కదా అంటారు. అంకెలు కూడితే ఈ వాదన నిలవదు. అమెరికా లెక్కలో పరీక్ష పీడనం పని పీడనానికి మూడింట అయిదు రెట్లు. అంటే పని పీడనం పరీక్షలో 60 శాతం. యూరప్, భారత్ లెక్కలో అది మూడింట రెండు వంతులు, 67 శాతం లోపు. 4,000 దగ్గర పరీక్షించిన సిలిండర్‌కు మన నియమం వర్తింపజేస్తే వచ్చేది 2,667 పి.ఎస్.ఐ. కూడిక గుర్తుతో అమెరికా ఇచ్చేది 2,640. రెండు ఖండాల చట్టాలు వేరువేరు దారుల్లో నడిచి ఒకే చోటికి చేరాయి. యూరప్‌లో 232 బార్ దాకా నింపే సిలిండర్‌ను 348 బార్ దగ్గర పరీక్షించి ఉంటారు. దాని గోడ మందమైనా ఎక్కువ ఉంటుంది, ఉక్కు బలమైనా ఎక్కువ ఉంటుంది. 276 దగ్గర పరీక్షించిన దాన్ని 248 దాకా నింపడానికి ఏ చట్టమూ ఒప్పుకోలేదు.

మిగులు ఎక్కడికి పోతుంది

పని పీడనానికీ పరీక్ష పీడనానికీ మధ్య ఉన్న మూడో వంతు ఎవరూ వాడుకోని ఖాళీ జాగాలా కనిపిస్తుంది. నిజానికి దానిలో చాలా భాగం ముందే ఖర్చు రాసి ఉంది.

మొదటి ఖర్చు వేడి. మూసిన సిలిండర్‌లో గ్యాస్ పీడనం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. లెక్క వేయాలంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి. 15 డిగ్రీల దగ్గర 150 బార్ ఉన్న సిలిండర్ 65 డిగ్రీలకు వేడెక్కితే 176 బార్ అవుతుంది, అధిక పీడనంలో గాలి చూపే తేడా వల్ల ఇంకొంచెం ఎక్కువ. 65 డిగ్రీలు అతిశయం కాదు. మన నియమాలు సిలిండర్ల రూపకల్పనకు లెక్కలోకి తీసుకునే ఉష్ణోగ్రతే అది. మే నెలలో హైదరాబాద్‌లో నీడలోనే పాదరసం 40 దాటుతుంది. రేకుల షెడ్డు పక్కన ఎండలో నిలబెట్టిన నల్లటి ఉక్కు దానికి ఎన్నో డిగ్రీలు పైనే ఉంటుంది. ఇప్పుడు అదే సిలిండర్‌ను 30 డిగ్రీల దగ్గర 200 బార్ దాకా నింపారనుకుంటే 65 డిగ్రీలకు 223 బార్ వస్తుంది. పరీక్ష పీడనం 225. అంటే అయిదేళ్లకోసారి, జాగ్రత్తలన్నీ తీసుకుని, నీళ్లతో పెట్టే ఒత్తిడిని ఆ సిలిండర్ వేసవి మధ్యాహ్నమల్లా గ్యాస్‌తో మోస్తుంది.

ఫ్లోరిడా సిలిండర్ గుహలోకి దిగాక చల్లబడుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ అలవాటు ఇన్నాళ్లు సాగడంలో ఈ చల్లని నీటి పాత్ర కూడా ఉందనుకోవాలి. అక్కడా ప్రమాదం దారిలోనే పొంచి ఉంటుంది. 21 డిగ్రీల దగ్గర 248 బార్ నింపి మూసిన కారు వెనక పెడితే, డిక్కీ 60 డిగ్రీలు చేరేసరికి పీడనం 281 బార్, పరీక్ష పీడనాన్ని దాటినట్టే. అమెరికా వాల్వుల్లో పలుచని రాగి బిళ్ల ఉంటుంది. పీడనం పరీక్ష హద్దుకు చేరేలోగా అది పగిలి గ్యాస్‌ను బయటికి వదలాలి. హద్దు మీరి నింపేవాళ్లకు ఈ బిళ్ల తరచు పగిలి విసుగు పుట్టిస్తుంది. దాంతో కొందరు మందమైన బిళ్ల వేయిస్తారు. ఒక హద్దు దాటినందుకు రెండో కాపలాను కూడా తీసేయాల్సి రావడం ఈ అలవాటులోని అసలు బలహీనత. పీడనం పెంచడం కంటే బిళ్ల మార్చడాన్నే పెద్ద తప్పుగా లెక్కించాలి.

రెండో ఖర్చు అలసట. బైండింగ్ వైరును ఒకసారి వంచితే తెగదు, అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది. సిలిండర్‌ను నింపిన ప్రతిసారీ గోడ సాగుతుంది, ఖాళీ చేసినప్పుడు ముడుచుకుంటుంది. ఉక్కులో ఎక్కడో ఉన్న సన్నని గీత లేదా తుప్పు గుంట అంచు ఆ సాగుడులో వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ఆ జరుగుడు లాగుడుకు నేరుగా అనుపాతంలో ఉండదు, ఉక్కు విషయంలో సుమారుగా దాని ఘనంతో పెరుగుతుంది. 150కి బదులు 200 బార్ నింపితే లాగుడు మూడో వంతే పెరుగుతుంది కానీ గీత పెరిగే వేగం రెండింతలు దాటుతుంది, 2.4 రెట్ల దాకా వెళుతుంది. కేవ్ ఫిల్ విషయంలో, కూడిక గుర్తు ఇచ్చే 2,640తో పోల్చినా, ఈ లెక్క రెండున్నర రెట్లు. అయిదేళ్లకోసారి చాలన్న పరీక్ష గడువు మామూలు పీడనాన్ని నమ్మి పెట్టింది. మీరి నింపేవాడు పీడనం ఒక్కటే మార్చానని అనుకుంటాడు, నిజానికి గడువును కూడా మార్చేశాడు.

మూడోది తుప్పు. 6 మిల్లీమీటర్ల గోడలో ఒక మిల్లీమీటరు తుప్పుకు పోతే మిగిలిన అయిదింటి మీద లాగుడు అయిదో వంతు పెరుగుతుంది. అప్పుడు 150 బార్ నింపినా ఆ ఉక్కు 180 మోస్తున్నట్టు. కంప్రెసర్ నుంచి తేమ సరిగా తొలగకపోయినా, డైవింగ్ సిలిండర్‌ను అడుగంటా ఖాళీ చేసి వాల్వు ద్వారా ఉప్పునీరు పోనిచ్చినా లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. అధిక పీడనంలో తడి ఉక్కుకు ఆక్సిజన్ కూడా ఎక్కువ దొరుకుతుంది, తుప్పు వేగం పుంజుకుంటుంది. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ కానివ్వకూడదనే పాత మాట వెనుక ఉన్న కారణం ఇదే.

అల్యూమినియం సిలిండర్లకు ఈ చర్చే వర్తించదు. కూడిక గుర్తు వాటికి లేదు. ఒక హద్దు కంటే తక్కువ లాగుడును ఉక్కు ఎన్నిసార్లయినా భరించగలదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి నింపుడూ దాని ఆయుష్షులో కొంత తీసుకుంటుంది. 6351 అనే పాత మిశ్రమలోహంతో చేసిన సిలిండర్లకు ఇంకో జబ్బు ఉంది. నింపి ఊరికే ఉంచినా మెడ దగ్గర లోపలి నుంచి పగులు పాకేది. 1980ల చివర లక్స్‌ఫర్ సంస్థ 6061 మిశ్రమానికి మారింది. ఫ్లోరిడాలో ఉక్కును ఎంత సాహసంగా నింపేవాళ్లయినా అల్యూమినియం జోలికి వెళ్లరు.

గేజి చెప్పేది

మీరి నింపడమంతా కావాలని జరిగేది కాదు. కొంత గేజిని తప్పుగా చదవడం వల్ల జరుగుతుంది, కొంత తప్పు లేకపోయినా తప్పులా కనిపిస్తుంది. 15 డిగ్రీల దగ్గర 150 బార్ అన్న నియమం ప్రకారం, 35 డిగ్రీల ఎండరోజున గేజి 160 చూపితే అది సరైన నింపుడే. అదే రోజు 150 దగ్గర ఆపితే కొనేవాడికి గ్యాస్ తక్కువ వచ్చినట్టు. నింపే చోట ఉష్ణోగ్రతల పట్టిక గోడ మీద ఉండాల్సింది ఇందుకే.

నింపుతున్నప్పుడు గ్యాస్ కుదించుకుని వేడెక్కుతుంది. సిలిండర్ 50 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గేజి 200 చూపితే, 30కి చల్లారాక 188 మిగులుతుంది. దాన్ని చూసి ముందే 215 దాకా నింపి పెట్టడం కొన్నిచోట్ల అలవాటు. నెమ్మదిగా నింపితే ఆ అవసరం రాదు. ఆక్సిజన్ విషయంలో నెమ్మదికి మరో కారణం ఉంది. వాల్వును ఒక్కసారిగా తెరిస్తే గొట్టం కొసన ఆక్సిజన్ హఠాత్తుగా కుదించుకుని, అక్కడ నూనె జాడ ఉంటే అంటుకునేంత వేడెక్కుతుంది. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు నూనె చేతులు తగలనివ్వకూడదని మేస్త్రీలు కుర్రవాళ్లను కసిరేది అందుకే. హీలియం, ఆక్సిజన్ కలిపి వాడే టెక్నికల్ డైవర్లకూ ఇదే భయం, ఎందుకంటే వాళ్లు ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ కొంత పోసి దానిపై మిగతావి నింపుతారు.

ఫిల్లింగ్ ప్లాంటులో చాలా సిలిండర్లను ఒకే మానిఫోల్డ్‌కు తగిలిస్తారు. గొట్టం ఒకటే కాబట్టి పీడనం అన్నిటిలో ఒకే స్థాయికి వస్తుంది. ఆ వరుసలో 200 బార్ సిలిండర్ల మధ్య ఒక్క 150 బార్ సిలిండర్ కలిసిపోతే, ఎవరూ తప్పు చేయాలనుకోకుండానే అది మీరి నిండుతుంది. రంగు చూసి తేడా తెలియదు. రంగు చెప్పేది ఏ గ్యాసన్నది మాత్రమే. నత్రజనికైతే బూడిద రంగు ఒళ్లు, నల్ల మెడ, ఆక్సిజన్‌కైతే నలుపు. పీడనం సంగతి అచ్చుకే తెలుసు. అచ్చును రంగు మీద రంగు వేసి పూడ్చేసిన సిలిండర్ ఉక్కు ఎంత మంచిదైనా వరుసలోకి ఎక్కించదగినది కాదు.

వేరే దారులు

ఎక్కువ గ్యాస్ కావాలన్న కోరికలో తప్పు లేదు, దాన్ని తీర్చే సక్రమమైన పద్ధతులు చాలా వచ్చాయి. 232 బార్, 300 బార్ కోసమే రూపొందించిన ఉక్కు సిలిండర్లు ఉన్నాయి. అగ్నిమాపక సిబ్బంది వీపున మోసే శ్వాస పరికరాల్లో పలుచని లోహపు తొడుగుపై కార్బన్ నార చుట్టిన తేలికైన 300 బార్ సిలిండర్లు వాడుకలోకి వచ్చాయి. డైవర్‌కు అవి నీటిలో మరీ తేలిపోతాయి. గుహ డైవర్లు జంట సిలిండర్లు మోస్తారు, దారిలో అదనపు సిలిండర్లు వదిలి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు అందుకుంటారు. రీబ్రీదర్ అనే పరికరం వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును రసాయనంతో పీల్చేసి, తగ్గిన ఆక్సిజన్ మాత్రం కలిపి తిరిగి ఇస్తుంది. 60 మీటర్ల లోతులోనైనా శరీరం వాడుకునే ఆక్సిజన్ నిమిషానికి లీటరు, రెండు లీటర్లే కాబట్టి చిన్న సిలిండర్ గంటల తరబడి వస్తుంది. ఈ పరికరాలు పెరిగేకొద్దీ కేవ్ ఫిల్ అవసరమే తగ్గుతోంది.

పని ఇంకా లోతున ఉంటే గ్యాస్ డైవర్ వీపు మీద ఉండదు. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐ.ఎన్.ఎస్. నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు వరకు డైవింగ్ పనులకు ఉద్దేశించిన నౌక అది. అలాంటి నౌకల్లో హీలియం, ఆక్సిజన్ వరుస సిలిండర్లలో ఉంటాయి. డైవర్లు రోజుల తరబడి నౌకలోనే అధిక పీడన గదుల్లో ఉండి, డైవింగ్ బెల్ అనే గదిలో కిందికి దిగి, పైనుంచి వచ్చే గొట్టం ద్వారా పీలుస్తారు.

విదేశంలో కొన్న లో-ప్రెషర్ సిలిండర్‌ను సామానులో తెచ్చుకున్నంత మాత్రాన ఇక్కడ నింపించుకోవడం కుదరదు. పెసో ప్రధాన నియంత్రణాధికారి ఆమోదించిన ప్రమాణం ప్రకారం చేసి, అనుమతితో దిగుమతి అయిన సిలిండర్లనే లైసెన్సు ఉన్న ప్లాంట్లు నింపాలి. పరీక్ష గడువు దాటిన సిలిండర్‌ను నింపడం నిషిద్ధం. పరీక్షలో తప్పిన సిలిండర్‌ను తుక్కు కింద అలాగే అమ్మడానికి వీల్లేదు. దాన్ని నలగ్గొట్టి చదును చేయాలి, లేదా మళ్లీ అతికి వాడుకోలేని ముక్కలుగా కోయాలి.